రోజ్ బౌల్: పండగ కోసం పుట్టిన ఆట, ఆట కోసం పుట్టిన స్టేడియం

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా అబ్బాయి ఒహాయో స్టేట్‌లో చదివాడు. వాళ్ల కాలేజీ జట్టు రోజ్ బౌల్ ఆడుతోందంటే చాలు, పనులన్నీ మానుకుని కాలిఫోర్నియా వెళ్దామంటాడు. టోర్నమెంటూ కాదు, లీగూ కాదు, ఏడాదికి ఒక్క మ్యాచ్. దానికింత మోజెందుకు? ఆటకీ స్టేడియానికీ ఒకటే పేరెలా వచ్చింది? ఈమధ్య దాని విలువ తగ్గిపోయిందంటున్నారు, నిజమేనా?"

నేను పాసడీనాకి దగ్గర్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం నేర్చుకున్నదే ఈ స్టేడియంలో. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక అయోమయం తీర్చేస్తాను. రోజ్ బౌల్ అనగానే మన క్రికెట్ అభిమానులకి ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ మైదానం గుర్తొస్తుంది. 2021లో భారత్, న్యూజిలాండ్ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడింది అక్కడే. మీ అబ్బాయి చెబుతున్నది అది కాదు. ఇది లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌కి ఈశాన్యంగా పది మైళ్ల దూరంలో, కొండల కింద ఉన్న పాసడీనా ఊరి స్టేడియం. కొత్త ఏడాది మొదటి రోజున అక్కడ జరిగే కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ పేరు కూడా అదే.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌కి చాలాకాలం జాతీయ స్థాయి ఫైనల్ అనేదే లేదు. ఏ ప్రాంతపు కాలేజీలు ఆ ప్రాంతంలోనే కాన్ఫరెన్స్‌లుగా ఏర్పడి ఆడుకునేవి. నవంబరు చివరికి సీజన్ అయిపోయేది. దేశంలో మొదటి జట్టు ఏదో పత్రికల వాళ్ల ఓట్లే చెప్పేవి. ఆ ఖాళీలోకి వచ్చినవే బౌల్ మ్యాచ్‌లు. చలికాలంలో కూడా ఎండకాసే ఊళ్లు దూరప్రాంతాల జట్లను పిలిచి మ్యాచ్ ఆడించేవి. వాటి వెంట జనం వస్తారు, హోటళ్లు నిండుతాయి, ఊరి పేరు దేశమంతా మోగుతుంది. మయామిలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్ 1935లో మొదలయ్యాయి, డల్లాస్‌లో కాటన్ బౌల్ 1937లో. వీటన్నిటికీ దారి చూపింది పాసడీనా.

పాసడీనాలో అసలు మొదలైంది ఆట కాదు, పూల ఊరేగింపు. 1890 జనవరి 1న వ్యాలీ హంట్ క్లబ్ అనే స్థానిక క్లబ్బు వాళ్లు గుర్రపు బగ్గీలకు పూలు కట్టి ఊరంతా తిప్పారు. తూర్పున న్యూయార్క్ మంచులో కూరుకుపోయి ఉంటే ఇక్కడ పూలు పూస్తున్నాయి, నారింజలు కాస్తున్నాయి, ఈ సంగతి లోకానికి చాటాలన్నది వాళ్ల ఆలోచన. ఆ క్లబ్బులో చాలామంది తూర్పు నుంచి, మధ్య రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే. ఊరేగింపు అయ్యాక మధ్యాహ్నం పరుగు పందేలు, తాడు లాగుడు పోటీలు పెట్టేవారు. పండగ పెద్దదయ్యాక, 1895లో దాన్ని నడపడానికి టోర్నమెంట్ ఆఫ్ రోజెస్ అనే సంఘం ఏర్పడింది. ఈనాటికీ పెరేడ్‌నీ మ్యాచ్‌నీ చూసుకునేది ఆ సంఘమే.

మధ్యాహ్నం కార్యక్రమానికి జనాన్ని ఇంకా రప్పించాలని 1902 జనవరి 1న ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు. పడమటి నుంచి స్టాన్‌ఫర్డ్, తూర్పు నుంచి మిషిగన్. అప్పటి మిషిగన్ కోచ్ ఫీల్డింగ్ యోస్ట్ అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లోనే పనిచేసినవాడు. ఆ సీజన్ మొత్తంలో మిషిగన్ మీద ఏ జట్టూ ఒక్క పాయింట్ కూడా చేయలేదు. ఇక్కడా అంతే, స్కోరు 49–0. టచ్‌డౌన్‌కి (బంతిని ప్రత్యర్థి గోల్ లైన్ దాటించడానికి) అయిదే పాయింట్లు ఇచ్చే రోజుల్లో అది! మిషిగన్ పదకొండు మందితోనే ఆట మొత్తం ఆడేసింది. స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్లు దెబ్బలు తిని తిని, ఇంకా ఎనిమిది నిమిషాలుండగానే ఇక ఆడలేం అన్నారు. మ్యాచ్ అక్కడితో ఆపేశారు.

ఆ దెబ్బకి సంఘం ఫుట్‌బాల్‌ని పక్కన పెట్టేసింది. మరుసటి ఏడాది పోలో ఆడించారు. 1904 నుంచి 1915 వరకు రోమన్ల తరహాలో రథాల పందేలు జరిగాయి. మధ్యలో ఉష్ట్రపక్షుల పందెం, ఒకసారి ఒంటెకీ ఏనుగుకీ పరుగు పందెం కూడా పెట్టారు (ఏనుగే గెలిచింది). ఇవన్నీ చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ ఆట ఒక కాలేజీ కోసమో, ఒక లీగ్ కోసమో పుట్టలేదు. ఊరి పండగలో మధ్యాహ్నం పూట జనానికి ఏదో ఒకటి చూపించాలని పుట్టింది. రోజ్ బౌల్ గురించి ఏ వివాదం వచ్చినా దాని మూలం అక్కడే ఉంటుంది.

1916లో ఫుట్‌బాల్ తిరిగొచ్చింది, ఇక ఆగలేదు. వానలో, బురదలో వాషింగ్టన్ స్టేట్ 14–0తో బ్రౌన్ యూనివర్సిటీని ఓడించింది. బ్రౌన్ జట్టులో ఇద్దరిని గుర్తుపెట్టుకోవాలి. ఒకరు ఫ్రిట్జ్ పొలార్డ్, రోజ్ బౌల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. రెండోవాడు గార్డ్ స్థానంలో ఆడిన వాలెస్ వేడ్. ఈ వేడ్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. నా దృష్టిలో మొదటి పాతికేళ్ల రోజ్ బౌల్ చరిత్ర మొత్తాన్నీ ఈ ఒక్క మనిషి వెంట నడిచి చెప్పొచ్చు.

ఇక స్టేడియం సంగతి. 1902 నుంచి మ్యాచ్‌లు టోర్నమెంట్ పార్క్ అనే మైదానంలో జరిగేవి. ఇప్పుడది కాల్‌టెక్ (కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) ఆవరణలో భాగం. 1920 నాటికే అక్కడి చెక్క స్టాండ్లు జనాన్ని మోయలేని స్థితికి వచ్చాయి. సంఘం అధ్యక్షుడు విలియం లీష్‌మన్ తూర్పున యేల్ యూనివర్సిటీ కట్టిన యేల్ బౌల్‌ని ఆదర్శంగా పెట్టుకున్నాడు. నేలను మధ్యలో తవ్వి, ఆ మట్టినే చుట్టూ గట్టుగా పోసి, గట్టు మీద సీట్లు వేసే పద్ధతి అది. పాసడీనాకి పడమరగా అరోయో సెకో అనే ఎండు వాగు లోయ ఉంది. రాళ్లూ పొదలూ తప్ప ఏమీ లేని చోటు. ఆర్కిటెక్ట్ మైరన్ హంట్ అక్కడ స్టేడియం గీశాడు. అదే ప్రాంతంలో హెన్రీ హంటింగ్‌టన్ భవనానికి నమూనా ఇచ్చిన హంట్ ఇతనే. ఖర్చు 2,72,198 డాలర్లు. సీట్ల హక్కులు ముందే అమ్మి చాలావరకు డబ్బు పోగుచేశారు. కట్టడం పూర్తయ్యాక సంఘం దాన్ని పాసడీనా నగరానికి అప్పగించింది. అంటే ఇది మొదటి నుంచీ ఊరి ఆస్తి. ఏ యూనివర్సిటీదీ కాదు, ఏ ధనవంతుడిదీ కాదు.

1922లో తయారైనప్పుడు అది పూర్తి గిన్నె కూడా కాదు. దక్షిణం వైపు తెరిచి ఉన్న గుర్రపు నాడా ఆకారం, 57 వేల సీట్లు. ఆ అక్టోబరు 28న మొదటి మ్యాచ్‌లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 12–0తో యూఎస్‌సీని (యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియాని) ఓడించింది. రోజ్ బౌల్ అన్న పేరు హార్లన్ హాల్ అనే స్థానిక విలేకరి పెట్టాడు. గులాబీల పండగలోని రోజ్, యేల్ వాళ్ల బౌల్, రెండూ కలిపేశాడు. మ్యాచ్‌కీ స్టేడియం పేరే అంటుకుంది. మిగతా ఊళ్లు తమ మ్యాచ్‌లకు బౌల్ అని పేరు పెట్టుకోవడం, చివరికి ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ కావడం, అంతా ఇక్కడి నుంచి పాకిందే.

కొత్త స్టేడియంలో మొదటి కొత్త సంవత్సరం మ్యాచ్ 1923 జనవరి 1న. పెన్ స్టేట్ జట్టు పెరేడ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి బాగా ఆలస్యంగా చేరింది. ఇద్దరు కోచ్‌లూ మైదానంలోనే మాటామాటా అనుకుని కొట్టుకునేదాకా వెళ్లారు. యూఎస్‌సీ 14–3తో గెలిచేసరికి చీకటి పడి వెన్నెల వచ్చేసింది. నూరేళ్లు దాటినా ఆ రోజు పాసడీనా ట్రాఫిక్ మాత్రం మారలేదు, దాని గురించి చివర్లో చెబుతాను.

1925లో నూట్ రాక్నీ శిక్షణలోని నోటర్ డేమ్ 27–10తో స్టాన్‌ఫర్డ్‌ని గెలిచింది. 1926లో అలబామా వచ్చింది, దాని కోచ్ వాలెస్ వేడ్. దక్షిణ రాష్ట్రాల ఫుట్‌బాల్ అంటే మిగతా దేశానికి అప్పట్లో చిన్నచూపు. సగం ఆటకి అలబామా వాషింగ్టన్ యూనివర్సిటీ జట్టు కంటే 0–12తో వెనకబడింది. మూడో క్వార్టర్లో వాషింగ్టన్ స్టార్ జార్జ్ విల్సన్ గాయంతో బయట కూర్చున్నాడు. ఆ కాసేపట్లోనే అలబామా మూడు టచ్‌డౌన్లు చేసింది. చివరికి 20–19తో గెలిచింది. తిరుగు ప్రయాణంలో రైలు ఆగిన ప్రతి దక్షిణాది స్టేషన్లోనూ జనం ఆ జట్టుకు బ్రహ్మరథం పట్టారు. ఈనాడు దక్షిణాదిలో కాలేజీ ఫుట్‌బాల్‌కి ఉన్న పిచ్చికి ఆ మ్యాచ్‌నే పునాదిగా చెబుతారు. నేనూ అదే నమ్ముతాను. 1927లో అలబామా, స్టాన్‌ఫర్డ్ 7–7తో సమంగా ముగించిన మ్యాచ్‌ని దేశం ఈ కొస నుంచి ఆ కొసకు రేడియోలో వింది. దాంతో కొత్త సంవత్సరం మధ్యాహ్నం అంటే రోజ్ బౌల్ అన్నది ఇళ్లలో అలవాటైంది.

1929 మ్యాచ్ గురించి మీ అబ్బాయిని అడగండి, తప్పకుండా తెలిసి ఉంటుంది. జార్జియా టెక్ ఆటగాడి చేతిలోంచి బంతి జారింది. కాలిఫోర్నియా జట్టులో సెంటర్ స్థానంలో ఆడే రాయ్ రీగల్స్ అందుకున్నాడు. దాడి తప్పించుకుంటూ ఒక చుట్టు తిరిగేసరికి దిక్కు తప్పాడు, సొంత గోల్ వైపే పరుగు తీశాడు! అరవై గజాలకు పైగా పరిగెత్తాడు. సొంత జట్టువాడే అయిన బెన్నీ లోమ్ అరుస్తూ వెంటపడి గోల్ లైన్ దగ్గర పట్టుకుని తిప్పేలోపు ప్రత్యర్థులు మీద పడ్డారు. బంతి ఒక గజం దగ్గర ఆగింది. తర్వాత లోమ్ కొట్టిన పంట్‌ని (బంతిని దూరంగా తన్నే కిక్‌ని) టెక్ అడ్డుకుంది, బంతి సొంత గోల్‌లోనే చిక్కినందుకు సేఫ్టీ కింద టెక్‌కి రెండు పాయింట్లు పోయాయి. చివరి స్కోరు 8–7. అంటే ఆ రెండు పాయింట్లే ఓడించాయి. విరామంలో రీగల్స్ మళ్లీ మైదానంలోకి వెళ్లనని ఏడ్చాడు. కోచ్ నిబ్స్ ప్రైస్ అతన్నే మళ్లీ పంపాడు. రెండో సగంలో అతను ప్రాణం పెట్టి ఆడాడు, టెక్ కొట్టిన ఒక పంట్‌ని కూడా అడ్డుకున్నాడు. మరుసటి సీజన్‌కి ఆ జట్టు కెప్టెన్ కూడా అతనే. జనం దిక్కు తప్పిన పరుగునే గుర్తుపెట్టుకున్నారు, నాకు మాత్రం ఆ రెండో సగమే గొప్పగా అనిపిస్తుంది.

ఇంతలో స్టేడియం పెరుగుతూ వచ్చింది. 1928లో దక్షిణం వైపు మూసేయడంతో నిండు గిన్నె అయింది. 1932 నాటికి సీట్లు 83 వేలు దాటాయి. ఆ ఏడాది ఒలింపిక్స్‌లో ట్రాక్ సైక్లింగ్ ఇక్కడే జరిగింది, లోపల తాత్కాలికంగా చెక్క ట్రాక్ వేశారు. 1949కి సీట్లు లక్ష దాటాయి.

మళ్లీ వేడ్ దగ్గరికి వస్తాను. 1931లో అలబామాతో ఇంకోసారి వచ్చి వాషింగ్టన్ స్టేట్‌ని 24–0తో గెలిచి, డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. 1938 సీజన్లో అతని డ్యూక్ జట్టు మీద ఎవరూ ఒక్క పాయింట్ కూడా చేయలేదు. 1939 జనవరిలో రోజ్ బౌల్‌లోనూ ఆట చివరి నిమిషం దాకా 3–0తో ముందుంది. అప్పుడు యూఎస్‌సీ తరఫున నాలుగో వరస క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసే ఆటగాడు) డోయల్ నేవ్ దిగి, వరసగా ఆల్ క్రూగర్‌కే పాస్‌లు వేసి టచ్‌డౌన్ చేయించాడు. స్కోరు 7–3. ఏడాదంతా చెక్కుచెదరని గోడ నలభై సెకన్లుండగా కూలింది.

1941లో డ్యూక్‌కి మళ్లీ పిలుపొచ్చింది, ప్రత్యర్థి ఒరెగాన్ స్టేట్. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. పడమటి తీరంలో వేలమంది ఒక్కచోట గుమిగూడటం ప్రమాదమని సైన్యం మ్యాచ్ వద్దంది. పెరేడ్ కూడా రద్దయింది. అప్పుడు వేడ్, మా మైదానంలో ఆడదాం రండని పిలిచాడు. అలా 1942 జనవరి 1న రోజ్ బౌల్ మ్యాచ్ నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో, వానలో జరిగింది. అరువు తెచ్చిన స్టాండ్లు వేసి 56 వేల మందిని కూర్చోబెట్టారు. ఓటమి ఎరుగని డ్యూక్ 16–20తో ఓడిపోయింది. ఒరెగాన్ స్టేట్ జట్టులో జాక్ యోషిహారా అనే జపనీస్ అమెరికన్ కుర్రాడు ఉన్నాడు. జట్టుతో ప్రయాణం చేయడానికి ప్రభుత్వం అతన్ని అనుమతించలేదు. తర్వాత అతన్ని నిర్బంధ శిబిరానికి పంపారు. చదువు మధ్యలో ఆగిపోయిన అతనికి ఆ యూనివర్సిటీ గౌరవ పట్టా ఇచ్చింది 2008లో. అదే మ్యాచ్‌లో ఎదురెదురుగా ఆడిన ఇద్దరు, డ్యూక్‌కి చెందిన చార్లెస్ హేన్స్, ఒరెగాన్ స్టేట్‌కి చెందిన ఫ్రాంక్ పార్కర్, తర్వాత ఇటలీ యుద్ధరంగంలో ఎదురుపడ్డారు. తీవ్రంగా గాయపడి గంటల తరబడి పడి ఉన్న హేన్స్‌ని పార్కర్ మోసుకొచ్చి బతికించాడు. వేడ్ కూడా ఆ ఏడాదే కోచ్ పని వదిలి సైన్యంలో చేరాడు. డర్హమ్‌లోని ఆ మైదానానికి 1967లో అతని పేరే పెట్టారు.

ఇప్పుడు మీ అబ్బాయి మోజు విషయానికి. దానికి కారణం 1946లో జరిగిన ఒక ఒప్పందం. పడమటి పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ విజేతా, మధ్య పశ్చిమ రాష్ట్రాల బిగ్ టెన్ విజేతా (అప్పటికి తొమ్మిది జట్లే కావడంతో బిగ్ నైన్ అనేవారు) ఏటా పాసడీనాలో తలపడాలని రాసుకున్నారు. అజేయమైన ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టును పిలవలేదని లాస్ ఏంజెలెస్ పత్రికలు గోల పెట్టాయి. ఒప్పందం ప్రకారం వచ్చిన ఇల్లినాయ్ 1947 జనవరి 1న యూసీఎల్‌ఏని (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీని) 45–14తో చిత్తు చేసింది. ఆ పద్ధతి యాభై ఏళ్లకు పైగా మారలేదు.

ఒహాయో, మిషిగన్‌లలో కాలేజీ జట్టు ఆట అంటే మన ఊరి జాతరతో సమానం. ఊరు వదిలి ఎక్కడ స్థిరపడినా ఆ రోజుకి మనసు అక్కడికే పోతుంది. డిసెంబరులో మోకాళ్ల లోతు మంచులో ఉండేవాళ్లకి జనవరి 1న టీవీలో ఆకుపచ్చ గడ్డి, వెనకాల శాన్ గాబ్రియెల్ కొండలు, సాయంత్రానికి ఆ కొండల మీద గులాబీ రంగు వెలుగు కనిపించేవి. 1952లో మొదటిసారి ఈ మ్యాచ్ దేశమంతా టీవీలో వచ్చింది, 1962లో రంగుల్లో. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మొదలవడం వల్ల చివరి క్వార్టర్ సరిగ్గా సూర్యాస్తమయానికి వచ్చేది. దశాబ్దాల పాటు నిర్వాహకులు ఆ టైమ్‌ని ప్రాణంగా చూసుకున్నారు.

పైగా 1975 దాకా బిగ్ టెన్ నుంచి ఒక్క జట్టే బౌల్ మ్యాచ్ ఆడేది, అదీ రోజ్ బౌల్ మాత్రమే. రెండో స్థానం వస్తే ఇంటికే. 1973 నవంబరులో ఏమైందో చూడండి. ఒహాయో స్టేట్, మిషిగన్ రెండూ ఓటమి లేకుండా తలపడి 10–10తో సమంగా ముగించాయి. పాసడీనాకి ఎవరిని పంపాలో కాన్ఫరెన్స్ అథ్లెటిక్ డైరెక్టర్లు ఓటేసి ఒహాయో స్టేట్ అన్నారు. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ డెనిస్ ఫ్రాంక్లిన్‌కి ఆ మ్యాచ్‌లో కాలర్ బోన్ (భుజం ముందువైపు ఎముక) విరగడం ఒక కారణంగా చెప్పారు. ఒక్క మ్యాచ్ కూడా ఓడని మిషిగన్ కుర్రాళ్లు కొత్త సంవత్సరం ఇంట్లో కూర్చున్నారు. ఒహాయో స్టేట్ వచ్చి యూఎస్‌సీని 42–21తో కొట్టింది. మిషిగన్ కోచ్ బో షెంబెక్లర్ ఆ ఓటుని బతికున్నంతకాలం మరిచిపోలేదు. నా ఉద్దేశంలో అది అన్యాయమే. అయితే అలాంటి అన్యాయాలు జరిగే కొద్దీ పాసడీనా టికెట్టు విలువ ఆ ఇళ్లలో ఇంకా పెరిగింది. మీ అబ్బాయికి అంటుకున్నది ఆ వారసత్వమే. అన్నట్టు అంతకుముందు ఏడాది, 1973 జనవరిలో, యూఎస్‌సీ చేతిలో ఒహాయో స్టేట్ 17–42తో ఓడిన మ్యాచ్‌కి 1,06,869 మంది వచ్చారు. ఆ స్టేడియంలో అదే రికార్డు.

ఒక సరదా సంఘటన చెప్పకుండా ఉండలేను. 1961లో వాషింగ్టన్ అభిమానులు విరామంలో రంగు కార్డులెత్తి బొమ్మలు, అక్షరాలు చూపించే ప్రదర్శన పెట్టుకున్నారు. కాల్‌టెక్ విద్యార్థులు కొందరు రహస్యంగా ఆ సూచనల కాగితాలు రెండు వేలకు పైగా మార్చేశారు. మొదటి పదకొండు బొమ్మలు సరిగ్గానే వచ్చాయి. తర్వాత వాషింగ్టన్ చిహ్నమైన హస్కీ కుక్క బొమ్మ కాల్‌టెక్ చిహ్నమైన బీవర్‌గా మారింది. ఆ తర్వాత అక్షరాలు తిరగబడ్డాయి. చివరి బొమ్మలో కాల్‌టెక్ అన్న పేరు పెద్దగా వెలిసింది, దేశమంతా టీవీలో చూసింది. తమ పాత టోర్నమెంట్ పార్క్ పండగలో ఆ కాలేజీ మళ్లీ అలా వాటా తీసుకుంది.

స్టేడియానికి ఫుట్‌బాల్ బయట ఉన్న చరిత్ర వేరే పెద్ద కథ, గబగబా చెప్పేస్తాను. అయిదు సూపర్ బౌల్స్ ఇక్కడ జరిగాయి, మొదటిది 1977లో, చివరిది 1993లో. 1984 ఒలింపిక్స్ సాకర్ ఫైనల్లో ఫ్రాన్స్ 2–0తో బ్రెజిల్‌ని గెలిచింది. 1994 వరల్డ్ కప్ ఫైనల్లో ఇటలీ ఆటగాడు రొబెర్టో బాజియో పెనాల్టీ గోల్ పైనుంచి పోయింది ఇక్కడే. అప్పుడు ఇండియాలో అర్ధరాత్రి దాటింది, మేల్కొని చూసినవాళ్లు ఈ స్టేడియాన్ని చూసినట్టే. 1999 మహిళల వరల్డ్ కప్ ఫైనల్లో 90,185 మంది ముందు అమెరికా పెనాల్టీల్లో చైనాని ఓడించింది. 1987లో దీన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. 2025 జనవరిలో పక్కనే ఆల్టడీనా ఊరు ఈటన్ అనే కార్చిచ్చులో కాలిపోతుంటే, మ్యాచ్ జరిగి వారం తిరిగిందో లేదో, ఈ స్టేడియం ఆవరణే అగ్నిమాపక దళాలకు శిబిరమైంది. ఆ రోజుల్లో అటుగా వెళ్లి వరసగా నిలబడ్డ ఫైరింజన్లను చూసినవాళ్లం ఈ చోటుని ఎప్పటికీ ఒట్టి ఆటస్థలం అనుకోలేం.

ఇక విలువ తగ్గిందా అన్న ప్రశ్న. మార్పు 1990ల చివర్లో మొదలైంది. దేశంలో మొదటి రెండు జట్లనూ ఎదురెదురుగా ఆడించాలని బీసీఎస్ అనే ఏర్పాటు చేశారు, రోజ్ బౌల్ కూడా అందులో చేరింది. దానివల్ల 2002లో మొదటిసారి పాత ఒప్పందపు జట్లు రెండూ లేకుండా, మయామి, నెబ్రాస్కా ఆడాయి. అదీ జనవరి 3న. నష్టం లేదనను. కానీ 2006 జనవరి 4న అదే ఏర్పాటు వల్ల టెక్సస్, యూఎస్‌సీ తలపడ్డాయి. 34 వరస విజయాల మీదున్న యూఎస్‌సీ చివరి నిమిషాల్లో అయిదు పాయింట్లు ముందుంది. 19 సెకన్లుండగా, నాలుగో డౌన్‌లో (అంటే చివరి అవకాశంలో), టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ కుడివైపుగా తానే పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 41–38. అతనొక్కడే పరుగులో 200 గజాలు, పాస్‌లతో 267 గజాలు సాధించాడు. ఈ మైదానంలో జరిగిన గొప్ప మ్యాచ్ ఏదంటే నేను ఇదే చెబుతాను. అంటే పాత ఒప్పందం వదులుకున్నందుకు దొరికిందీ ఉంది, పోయిందీ ఉంది.

2021లో కోవిడ్ నిబంధనల వల్ల ప్రేక్షకులకు అనుమతి లేక, మ్యాచ్‌ని టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌కి మార్చారు. 1942 తర్వాత పాసడీనా దాటడం అదే మొదటిసారి. రోజ్ బౌల్ అన్న పేరులో నగరానికీ హక్కుంది కాబట్టి, అక్కడ ఆ పేరు వాడుకోవడానికి పాసడీనా ఒప్పుకోవాల్సి వచ్చింది.

అసలు గట్టి దెబ్బ 2022 జూన్ 30న తగిలింది. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ పడమటి కాన్ఫరెన్స్ అయిన ప్యాక్ 12ని వదిలి బిగ్ టెన్‌లో చేరతామని ప్రకటించాయి. టీవీ డబ్బే కారణం. ఒరెగాన్, వాషింగ్టన్ కూడా అదే బాట పట్టాయి. మిగిలినవాటిలో చాలావరకు తలోదారీ చూసుకున్నాయి. జాతీయ విజేతని తేల్చే నాకౌట్ పోటీ అయిన ప్లేఆఫ్‌ని పన్నెండు జట్లకు పెంచినప్పుడు రోజ్ బౌల్ తన తేదీ, తన టైమ్ కోసం చివరిదాకా పట్టుబట్టి, ఆఖరికి ఒప్పుకుంది. 2025 జనవరి 1న క్వార్టర్ ఫైనల్‌గా జరిగిన మ్యాచ్‌లో మీ అబ్బాయి ఒహాయో స్టేట్ 41–21తో ఒరెగాన్‌ని గెలిచింది. చూడటానికి పాత పద్ధతే, మధ్య పశ్చిమం నుంచి ఒకటి, పడమటి తీరం నుంచి ఒకటి. కానీ రెండూ బిగ్ టెన్ జట్లే! ఆ సీజన్లో అంతకుముందు ఒకసారి తలపడినవే. గెలిచిన జట్టు కూడా పదిరోజుల్లో సెమీ ఫైనల్ ఉందన్న ధ్యాసలోనే ఉంది. ఒకప్పుడు పాసడీనాలో గెలవడమే గమ్యం, ఇప్పుడది మధ్యలో ఒక మజిలీ. ఆ మేరకు విలువ తగ్గిన మాట నిజం. దీన్ని ప్రగతి అని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. ప్లేఆఫ్ కావాల్సిందే, అజేయమైన జట్టుని ఓట్లతో ఇంట్లో కూర్చోబెట్టే రోజులు పోవాల్సిందే. కానీ ప్రాంతాల మధ్య పోటీని టీవీ ఒప్పందాల కోసం చెదరగొట్టక్కర్లేదు.

స్టేడియం పరిస్థితి నాకు ఇంకా ఎక్కువ బెంగ. జనవరి 1 ఒక్క రోజు ఆదాయంతో అంత పాత కట్టడం నిలవదు. 1982 నుంచి యూసీఎల్‌ఏ తన సొంత మ్యాచ్‌లు ఇక్కడే ఆడుతోంది, ఆ అద్దె చాలా ముఖ్యం. ఆ నమ్మకంతోనే నగరం అప్పులు తెచ్చి గత పదిహేనేళ్లలో సొరంగ దారులు వెడల్పు చేసింది, ప్రెస్ బాక్స్ వైపు కొత్తగా కట్టింది, సీట్లను 90 వేల లోపుకి తగ్గించింది. ఒప్పందం 2044 వరకు ఉంది. అయినా యూసీఎల్‌ఏ కొత్త సోఫై స్టేడియం వైపు చూస్తోందంటూ 2025 అక్టోబరులో పాసడీనా నగరం కోర్టుకెక్కింది. ఇక్కడ నేను పూర్తిగా నగరం పక్షం. ఊరి జనం డబ్బుతో నిలబెట్టిన చోటుని అద్దెకున్నవాళ్లు గడువు తీరకుండా వదిలేస్తే ఆ అప్పు కట్టాల్సింది ఊరివాళ్లే.

మీరు వెళ్లేటట్టయితే కొన్ని మాటలు. పెరేడ్ ఉదయం 8కి ఆరెంజ్ గ్రోవ్ బుల్వార్డ్ మీద మొదలై కొలరాడో బుల్వార్డ్ మీదుగా సాగుతుంది, మ్యాచ్‌కి టికెట్ వేరే. రెండూ ఒకేరోజు చూడొచ్చు కానీ పెద్దవాళ్లకి అలసట ఎక్కువ. జనవరి 1 ఆదివారం వస్తే రెండూ 2వ తేదీకి జరుగుతాయి. చర్చిల దగ్గర కట్టేసిన గుర్రాలు ఊరేగింపుకి బెదరకూడదని 1893లో పెట్టుకున్న నియమం అది, ఇప్పటికీ పాటిస్తున్నారు. కారు తీసుకెళ్తే పక్కనున్న గోల్ఫ్ కోర్సు గడ్డి మీద పార్క్ చేయిస్తారు, మ్యాచ్ అయ్యాక బయటపడటానికి గంటా గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. మెట్రో రైలు 'A' లైన్‌లో మెమోరియల్ పార్క్ స్టేషన్ దాకా వచ్చి, ఓల్డ్ పాసడీనా నుంచి షటిల్ బస్సెక్కడం మేలు. సీట్ల విషయంలో, ఇది వాలు తక్కువున్న గిన్నె కాబట్టి కింది వరసలు ఖరీదైనా కొనకండి. పక్కన నిలబడ్డ ఆటగాళ్ల వీపులే కనిపిస్తాయి. మధ్య ఎత్తులో, పడమటి వైపు తీసుకుంటే ఎండ వెనక పడుతుంది, ఎడమ చేతి వైపు కొండలు కనిపిస్తాయి. తూర్పు వైపు కూర్చుంటే సాయంత్రం దాకా కళ్లలో ఎండే. లోపలికి పారదర్శకమైన సంచులే అనుమతిస్తారు. మధ్యాహ్నం చొక్కాతో కూర్చోగలిగినా లోయ కావడం వల్ల పొద్దు వాలగానే చలి పెడుతుంది, మీ ఇద్దరికీ స్వెటర్లు పెట్టుకోండి.